పటాలం లారీకి పెరటి వైద్యం

అమెరికా సైన్యం వాడి వదిలేసిన లారీని వేలంలో కొనాలని మీకు బుద్ధి పుట్టిందా? అయితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఆ సంగతి ఇంట్లో చెప్పడం. ఆ విషయంలో మేం సలహాలివ్వం, మాకూ సంసారాలున్నాయి. లారీ వాకిట్లోకి వచ్చాక దాన్ని ఎలా చూసుకోవాలి, ఎలా మార్చుకోవాలి అన్నంతవరకే ఈ చిట్కాలు.

డల్లాస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొని, పచ్చిక కత్తిరించి, ఎదురింటివారి కారు లాంటి కారే తామూ కొని విసుగెత్తిన తెలుగువారికి ఎమ్35ఏ2 సరైన బండి. దీని వంశాన్ని 1950ల మొదట్లో రియో కంపెనీ మొదలుపెట్టింది. మూడు యాక్సిళ్లు, మూడింటికీ ఇంజను బలం, పది టైర్లు. రోడ్డు లేని చోట కూడా రెండున్నర టన్నులు మోస్తుంది గనక సిపాయిలు దీన్ని ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అన్నారు. దాదాపు 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఖాళీగా ఉన్నప్పుడే ఆరు టన్నులకు కాస్త తక్కువ బరువు. ఇంత ఇనుము ఒక్కోసారి పాత కామ్రీ ధరకే వచ్చేస్తుంది. అంత చవగ్గా ఎందుకిస్తున్నారన్న ప్రశ్నను మాత్రం మనసులోకి రానివ్వకండి.

ఈ విద్యకు ఒక ఆదిగురువు ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం ‘ఆర్మీ మోటార్స్’ అని ఒక పత్రిక వేసేది. బండిని ఎలా చూసుకోకూడదో చూపడానికి విల్ ఐస్నర్ అనే బొమ్మల కథకుడు అందులో జో డోప్ అనే సిపాయిని పుట్టించాడు. జో ఏది ముట్టుకున్నా అది పాడవ్వాల్సిందే. 1951లో మొదలైన ‘పీఎస్’ మాసపత్రిక కూడా అదే బాటలో నడిచింది. ఐస్నర్ 1971 దాకా దానికి పనిచేశాడు. సిపాయిలు ఆ బొమ్మలు చూసి నవ్వుకుని, జో చేసినదానికి సరిగ్గా తిరగేసి చేసేవారు. మనం ఆ తిరగేసే శ్రమ కూడా పెట్టుకోం.

1. కొనేటప్పుడు పైపైన చూడండి

రంగు బాగుందా, తలుపు మీద తెల్ల నక్షత్రం ఉందా, అంతే. మీటరులో మైళ్లు తక్కువ కనబడితే ఇంకేం, కొత్త బండి కిందే లెక్క. రబ్బరుకు మైళ్లతో నిమిత్తం లేదనీ, ముప్పై ఏళ్లు ఎండలో నిలబడితే గొట్టాలూ సీళ్లూ టైర్ల పక్కలూ వాటంతటవే పగులుతాయనీ కొందరు చాదస్తులు చెబుతారు. వాళ్లు టైరు మీద తయారీ తేదీ వెతుకుతారు. చక్రం లోపలి వైపు చమురు తడి ఉందేమోనని తడుముతారు. గేరాయిలు కాస్త బయటికి తీసి, నీళ్లు చేరి పాలలా తెల్లబడిందేమో చూస్తారు. వాళ్లు ఆ పనిలో ఉండగా మీరు స్టీరింగు పట్టుకుని ఫొటో దిగండి.

రిజిస్ట్రేషనుకు ఎస్ఎఫ్-97 అనే ప్రభుత్వ పత్రం కావాలంటారు. డబ్బు కట్టాక అడగవచ్చు. మీ రాష్ట్రం ఇలాంటి బండిని రోడ్డెక్కనిస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కుంటే ఉత్కంఠ బాగుంటుంది.

2. పుస్తకాలు అటక మీద పెట్టండి

ఈ లారీకి టీఎమ్ 9-2320-209 అనే వరుసలో సైన్యం వారి పుస్తకాలున్నాయి. చివర 10 అని ఉంటే డ్రైవరు చేసుకోవలసిన పనులు, 20 అని ఉంటే యూనిట్ మెకానిక్కు పనులు, 34 అయితే పై వర్క్‌షాపు పనులు. ఏ కీలుకు ఏ గ్రీజు, ఎన్నాళ్లకోసారి పెట్టాలో చెప్పే లూబ్రికేషన్ ఆర్డరు మళ్లీ వేరే. అంటే ఒక్కో లారీ వెనకాల ఒక డ్రైవరు, ఒక మెకానిక్కు, ఒక వర్క్‌షాపు, ఒక విడిభాగాల డిపో, చివర్లో సంతకం పెట్టే ఒక సార్జెంటు. వీళ్లంతా కలిసి నడిపితేనే అది నడిచింది. వేలంలో మీకు దక్కేది లారీ ఒక్కటే. దాని వెంట పటాలం రాదు.

కంగారు పడకండి. మీరున్నారు, మీ బామ్మర్ది ఉన్నాడు, శనివారం మధ్యాహ్నం ఉంది. ముగ్గురూ కలిస్తే పటాలమే.

గ్రీజు కంటికి కనబడిన నిపుల్‌కే కొట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లవి కనబడాలంటే బండి కింద వెల్లకిలా పడుకోవాలి. పడుకునేదేదో సోఫాలో పడుకోవచ్చు.

3. ఇంధనంలో కులభేదాలు వద్దు

ఇంజను పేరే మల్టీఫ్యూయల్. ఆరు సిలిండర్లు, 7.8 లీటర్లు. డీజిలు, కిరోసిను, జెట్ ఇంధనం, మరీ తప్పకపోతే పెట్రోలు: యుద్ధభూమిలో ఏది దొరికితే అది తాగి నడవాలని దీన్ని కట్టారు. పల్చటి ఇంధనం వస్తే పంపు కొంచెం ఎక్కువ పోసేలా డెన్సిటీ కాంపెన్సేటర్ అనే ఏర్పాటు కూడా పెట్టారు. ఈ వాక్యాల్లో ‘మరీ తప్పకపోతే’ అన్న మాట కొట్టేసుకుని మళ్లీ చదవండి.

ఇక ఉగాది పార్టీలో బజ్జీలు వేయించిన నూనె, పక్కింటాయన కారులోంచి తీసిన పాత ఇంజనాయిలు, గరాజు మూలన పేరు చెరిగిపోయిన డబ్బా, అన్నీ 50 గ్యాలన్ల ట్యాంకులోకే. వడగట్టడం దేనికి? లారీలోనే వరసగా మూడు ఫిల్టర్లున్నాయి, వాటికి మాత్రం పనొద్దా? పాత నూనెను రోజుల తరబడి తేరనిచ్చి, సన్నటి ఫిల్టర్లలో వడగట్టి, డీజిలులో కొంచెమే కలిపి వాడే ఓపికమంతులున్నారు. వాళ్ల లారీలు వెళ్లిన చోటు నుంచి తిరిగి ఇంటికి వస్తాయి. మీది హైవే మధ్యలో ఆగి నలుగురికీ దర్శనమిస్తుంది. జనవరి చలికి బజ్జీ నూనె గొట్టాల్లోనే పేరుకున్న రోజున వాకిలి దాటకుండానే దర్శనమిస్తుంది.

పెట్రోలు పోసేటప్పుడు అసలే ఆలోచించకండి. ఇంజెక్షన్ పంపులో ఒరుసుకునే భాగాలకు ఇంధనంలోని జిడ్డే రక్ష, పెట్రోలుకు ఆ జిడ్డు లేదు. అయినా అరిగేది పంపు, మీరు కాదు.

చలికి స్టార్టు కాకపోతే ఈథర్ స్ప్రే కొట్టండి. టర్బో ఉన్న ఈ ఇంజనుకు గాలి లోపలికి వెళ్లే దారిలోనే, చలికాలం కోసం, మంటతో వేడి చేసే హీటరు ఒకటుంది. అటు మంట, ఇటు ఈథర్. దీపావళి కోసం తిథి చూసుకోనక్కర్లేదు.

4. బ్రేకులు: ఉన్నదొక్కటే దారి

పెడల్ తొక్కితే గాలి ఒత్తిడి తోడై బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోస్తుంది. ఎమ్35ఏ2లో ఈ ద్రవానికి ఒకటే సర్క్యూటు. ఆరు చోట్ల ఉన్న వీల్ సిలిండర్లలో ఏ ఒక్కటి గట్టిగా కారినా, ఒక్క గొట్టం పగిలినా, పెడల్ నేలను తాకుతుంది. ఆరూ ఒకేసారి సెలవు తీసుకుంటాయి. అమెరికాలో కొత్త కార్లకు రెండు సర్క్యూట్లు 1968 నుంచే తప్పనిసరి. అందుకే తెలిసినవాళ్లు లారీ కొనగానే ముందు గొట్టాలూ సిలిండర్లూ కొత్తవి వేయించి, వీలైతే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌కు మారుస్తారు. మీరు ఆ డబ్బుతో బంపర్ మీద ఎల్ఈడీ దీపాల దండ బిగించుకోండి. ఆగలేకపోయినా, ఎక్కడికి వెళ్తున్నారో స్పష్టంగా కనిపిస్తుంది.

ద్రవం తగ్గితే దగ్గర్లోని దుకాణంలో ఏది దొరికితే అది పోయండి. సైన్యం 1980ల నుంచి సిలికోన్ రకం వాడింది, అది డాట్ 5. దుకాణంలో చవగ్గా దొరికేది గ్లైకాల్ రకం, డాట్ 3. రెండూ కలవవు; కలిపితే లోపల బంకలా జిగురు చేరి సీళ్లు, సన్నటి దారులు పాడవుతాయని పుస్తకాల గోల. లెక్క చూడండి: అయిదూ మూడూ ఎనిమిది. అయిదు కంటే ఎనిమిది ఎక్కువే కదా.

స్టార్టు చేయగానే బజర్ ఒకటి చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. బ్రేకులకు కావలసినంత గాలి ఇంకా చేరలేదని దాని బాధ. ఒక తీగ పీకితే బాధ తీరుతుంది, దానిదీ మీదీ. గాలి ట్యాంకుల కింద చిన్న కుళాయిలు కూడా ఉంటాయి. గాలిలోంచి చేరిన నీటిని రోజూ వాటి ద్వారా వదిలేయాలట. నీటి విలువ తెలిసినవాళ్లం, మనం వదలం. లోపలే దాచి తుప్పుగా మార్చుకుందాం.

హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉన్న ఒక డ్రమ్మును పట్టుకుంటుంది. వాలు మీద దాన్నొక్కదాన్నే నమ్మి, చక్రాల కింద దిమ్మలు పెట్టకుండా కాఫీకి ఇంట్లోకి వెళ్లండి. లారీ కూడా ఎటో వెళ్తుంది.

5. చక్రాలు: బలం చూపించే చోటు

డ్రైవరు వైపు చక్రాల నట్లకు మర ఎడమవాటం. అంటే లోకమంతా బిగించే వైపు తిప్పితే ఇవి వదులవుతాయి. స్టడ్డు కొసన ‘ఎల్’ అనే అక్షరం కనిపిస్తే అలంకారం అనుకోండి. నట్టు ఊడకపోతే పానాకు పొడుగాటి పైపు తగిలించి బామ్మర్దిని దాని మీద నిలబెట్టండి. అయినా ఊడకపోతే అతన్ని గెంతమనండి. ఠప్పుమని చప్పుడు వస్తుంది. నట్టు ఊడలేదు, స్టడ్డు తెగింది. ఏదో ఒకటి జరిగింది, అదే గొప్ప.

తర్వాతి పని టైరు మార్చడం. ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెట్టాలి. ఈ చక్రాల రిమ్ము ఒకటే ముక్క కాదు. టైరును లాక్ రింగు అనే ఉక్కు వలయం పట్టుకుని ఉంటుంది. ట్యూబులో గాలి ఉండగా దాన్ని కదిపినా, తుప్పు పట్టిన రింగు గాడిలో సరిగ్గా కూర్చోకుండా గాలి నింపినా, అది ఫిరంగి గుండులా ఎగురుతుంది. దాని దెబ్బకు మెకానిక్కులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. నింపేటప్పుడు చక్రాన్ని ఉక్కు బోనులో పెట్టి, పొడుగాటి గొట్టంతో దూరం నుంచి నింపాలి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు వర్క్‌షాపులకు ఆ బోను తప్పనిసరి చేశాయి. బోను లేనివాళ్లు లారీ టైర్ల దుకాణానికి వెళ్లాలి, బామ్మర్దిని ఇంట్లోనే వదిలేసి. ఈ ఒక్క పనికీ చిట్కా లేదు.

6. కరెంటుకు అడ్డదారి

లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు. వరసగా కలిపితే 24. మీ స్టీరియోకు, ఫోను చార్జరుకు 12 చాలు. కాబట్టి ఒక బ్యాటరీ నుంచి తీగ లాగేయండి. చార్జింగేమో ఇద్దరికీ కలిపి వస్తుంది, ఖర్చు ఒకడిదే. ఆ ఒకడు నీరసించిపోతాడు, రెండోవాడు చార్జింగు ఎక్కువై ఉడికిపోతాడు. 24ను 12 చేసే కన్వర్టరు చిన్న డబ్బా ఒకటి బజారులో దొరుకుతుంది గానీ, రెండు బ్యాటరీలూ కొత్తవి కొనే అవకాశం అందులో ఉండదు.

రాత్రి ప్రయాణానికి ముందు లైట్ల స్విచ్చి సంగతి తెలియాలి. దానికి మూడు మీటలు. ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని తిప్పితే తప్ప అసలైన హెడ్‌లైట్లు వెలగవు. అంత తికమక ఎందుకు, బ్లాక్‌అవుట్ దీపాలతో సరిపెట్టుకోండి. శత్రువుకు కనబడకుండా సైనికుల బారులు నడవడానికి పెట్టిన సన్నటి వెలుగు అది. శత్రువుకే కాదు, వెనక డెబ్బై మైళ్ల వేగంతో వచ్చే వాల్‌మార్ట్ ట్రక్కుకు కూడా మీరు కనబడరు.

7. వేగం

ఇంజను నిమిషానికి 2,600 చుట్లు దాటకూడదు. బండి గంటకు 56 మైళ్లు, అంటే 90 కిలోమీటర్లు. ఏ గేరులో ఎంతవరకు వెళ్లవచ్చో డ్యాష్‌బోర్డు మీద ఒక పలకపై చెక్కి మరీ పెట్టారు. అది సిపాయిల కోసం. వాళ్లకు తొందరేం ఉంటుంది, మీకు బతుకమ్మ సంబరాలకు ఆలస్యమవుతోంది. పల్లంలో కింది గేరు వేసి వదిలేయండి. గవర్నరు ఇంధనాన్ని ఆపగలదు గానీ, చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటే అది ఏం చేయగలదు? కాసేపటికి కనెక్టింగ్ రాడ్డు ఒకటి బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. ఇంజను పక్కన కిటికీ పడింది గనక ఇకపై లోపలి పరిస్థితి మూత విప్పకుండానే చూసుకోవచ్చు.

పవర్ స్టీరింగు లేదు కాబట్టి జిమ్ముకు కట్టే రుసుము ఆదా. ఏసీ కూడా లేదు, టెక్సాస్‌లో ఆగస్టు నెల మాత్రం ఉంది.

8. మార్పులూ చేర్పులూ

మొదటి మార్పు వెనక యాక్సిల్ ఒకటి కోసెయ్యడం. పొట్టి లారీ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మలుపులు సులువు, టైర్లూ తగ్గుతాయి. ఛాసీని ఎక్కడ కోయాలి, కమాను కట్టలు ఎక్కడికి జరపాలి, షాఫ్టు పొడవు ఎంత తగ్గాలి, బరువు తగ్గిన వెనక చక్రాలు బ్రేకు తొక్కగానే పట్టేసి జారకుండా ఏం చేయాలి, ఇవన్నీ లెక్కలు కట్టి చేసేవాళ్లు ఉన్నారు. మీరు కంటి అంచనాతో కోయండి. ఖాళీ లారీలో వెనక చక్రాలు పట్టేయడం చిన్న విషయమని అనిపిస్తే ఒక్క సంగతి: ఎమ్939 అనే ఐదు టన్నుల లారీ తడి రోడ్ల మీద ఇలాగే అడ్డం తిరుగుతోందని సైన్యం దానికి గంటకు 40 మైళ్ల పరిమితి పెట్టి, ఆ తర్వాత ఏబీఎస్ బిగించింది. సైన్యానికి భయం ఎక్కువ.

రెండోది, పెద్ద టైర్లు. టైరు ఎంత ఎత్తైతే బండి అంత వేగం. స్టీరింగు మరింత బరువెక్కుతుంది, బ్రేకులు మరింత బలహీనపడతాయి, కానీ ఫొటోలో ఇవేవీ పడవు.

మూడోది, రంగు. పాత రంగును యంత్రంతో గీకి, ఆ పొడిని హాయిగా పీల్చండి. రసాయన ఆయుధాలను తట్టుకోవడానికి సైన్యం వేసిన సీఏఆర్‌సీ అనే పూతలో ఐసోసయనేట్లు ఉంటాయి. కింది పొరల్లో క్రోమియం కూడా ఉండవచ్చు. ఊపిరితిత్తుల కోసం సరైన మాస్కు పెట్టుకునేవాళ్లకు ఆ రుచి తెలియదు.

రంగు దగ్గర స్వదేశంలోని పాఠకులకు ఒక మాట. జబల్‌పూర్‌లో జర్మనీ వారి మాన్ కంపెనీ లైసెన్సుతో తయారైన శక్తిమాన్ లారీనో, నిస్సాన్ పట్రోల్ నమూనాలో వచ్చిన జోంగానో సైన్యం వేలంలో పట్టి విజయవాడ ఆటోనగర్‌కు తోలుకొచ్చారనుకుందాం. ఆ ఆలివ్ గ్రీన్ రంగే దాని అందం, ముట్టుకోవద్దని బాడీ మేస్త్రీకి గట్టిగా చెప్పండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే కేటాయించింది. ఆ విషయం మీకు రవాణా శాఖ వారే ప్రేమగా చెబుతారు.

9. నిలపడం

మీ కాలనీ సంఘం నిబంధనల పుస్తకంలో ట్రైలర్లు, పడవలు, కమర్షియల్ బండ్ల గురించి రాసి ఉంటుంది. యుద్ధ వాహనం అన్న మాట ఎక్కడా కనబడకపోవచ్చు. అదే మీ వాదన. సంఘం వారి లాయరు ఉత్తరం వచ్చినప్పుడు దాన్నే గట్టిగా వినిపించండి.

ఈ లారీకి తాళంచెవి ఉండదు. యుద్ధంలో చెవి కోసం జేబులు తడుముకునే వ్యవధి ఎక్కడిది? ఒక మీట తిప్పి, మీట పక్కన బొత్తాం నొక్కితే స్టార్టు. ఆపడానికి వేరే తీగ లాగాలి. స్టీరింగుకు గొలుసూ తాళమూ వేసుకోవడం పిరికితనం. క్లచ్చి తొక్కడం తెలియని దొంగల కాలం ఇది, ధైర్యంగా పడుకోండి. పక్కింటి పదమూడేళ్ల కుర్రవాడు మాత్రం యూట్యూబ్‌లో అన్నీ చూసే ఉంటాడు.

10. అమ్మకం

పై చిట్కాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే అమ్మే రోజు త్వరగానే వస్తుంది. ప్రకటన రాయడం కూడా ఒక కళ. ఇంజను ఆగిపోయిందని రాయకండి, ‘పోయినసారి నిలిపినప్పుడు నడిచింది’ అనండి. బ్రేకుల గురించి ‘కొంచెం గాలి తీయాలి’ అనండి. కోసిన ఛాసీని ‘ప్రత్యేకంగా చేయించిన మార్పులు’ అనండి. బ్యాటరీలు, స్టడ్లు, పంపు, కిటికీ అన్నీ కలిపి ‘చిన్న చిన్న పనులున్నాయి’ అంటే సరిపోతుంది. చివర్లో, కొనేవాడు ఎగిరి గంతేసేలా ఒక కానుక చేర్చండి: సైన్యం వారి అసలు మాన్యువళ్లు, పూర్తి సెట్టు, ఒక్క పేజీ కూడా నలగలేదు.